పంచాయతీ కూడా ప్రభుత్వమే

పథకాలను ఊరికి చేర్చే చివరి మెట్టుగానే గ్రామ పంచాయతీని చూడటం మన పాలకులకు అలవాటైపోయింది. రాజ్యాంగం చెప్పింది అది కాదు. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ పంచాయతీని స్వపరిపాలన సంస్థగా నిలబెట్టాలంది. తాగునీరు, పారిశుద్ధ్యం, రోడ్లు, ప్రాథమిక విద్య సహా 29 అంశాలను పదకొండో షెడ్యూలులో చేర్చింది. కానీ వాటిలో ఎన్ని అప్పగించాలో తేల్చే పని రాష్ట్రాలకే వదిలింది. చిక్కంతా అక్కడే వచ్చింది. విధులు కాగితం మీద పంచాయతీవి. నిధులు, సిబ్బంది మాత్రం హైదరాబాద్, అమరావతుల చేతుల్లో.

పాలకవర్గం గడువు తీరేలోగా ఎన్నికలు జరపాలన్నది రాజ్యాంగ నిబంధన. దాన్ని తప్పక పాటించాలని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో గడువు ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు దాకా ఊళ్లను ప్రత్యేకాధికారులే నడిపారు. శాసనసభను ఇలా రెండేళ్లు ఖాళీగా ఉంచితే ఊరుకుంటామా? ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులూ ఆగిపోతాయి. ఇక ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలు సేవలను ఇంటి దగ్గరికి తెచ్చిన మాట నిజమే. కానీ అక్కడి ఉద్యోగులు ప్రధానంగా తమ శాఖల పై అధికారులకే జవాబుదారులు. ఊరు ఎన్నుకున్న సర్పంచి పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది.

అధికారాలిస్తే పెత్తందార్లు చెలరేగుతారని, అవినీతి పెరుగుతుందని, చిన్న పంచాయతీలకు అంత సామర్థ్యం లేదని అంటారు. ఊళ్లో కులాధిపత్యం ఉన్నదే, కాదనలేం. అయితే దానికి కొంతైనా అడ్డుకట్ట వేసింది దళితులకు, గిరిజనులకు, మహిళలకు రిజర్వేషన్లు కల్పించిన ఈ వ్యవస్థే. అవినీతికి మందు గ్రామసభ, సామాజిక తనిఖీ; ఉపాధి హామీ పనుల్లో ఆ తనిఖీని దేశానికి చూపించింది తెలుగు నేలే. సామర్థ్యం బాధ్యత మోస్తేనే వస్తుంది. 1996లో కేరళ ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకిచ్చి, ఏం చేయాలో వాటినే తేల్చుకోమంది. తప్పులు జరిగాయి, అయినా ఆ రాష్ట్రం వెనక్కి తగ్గలేదు.

మనమూ ఆ దారి పట్టాలి. గడువులోగా ఎన్నికలు జరగాలి. పంచాయతీల నిధులపై రాష్ట్ర ఆర్థిక సంఘం చేసే సిఫార్సులు అమలు కావాలి. ఊరికి పనిచేసే ఉద్యోగి పంచాయతీకి జవాబు చెప్పాలి. ఓటు అడిగే ప్రతి పార్టీనీ ఈ మూడింటిపై మాటివ్వమని గ్రామసభల్లోనే నిలదీయాలి.