ముప్పై ఆరు లఫ్జులు

ఉర్దూ రాని సాయిబు సాయిబేనా?

మా కొత్తపల్లెలోనే కాదు, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఎక్కడ రిష్తా మాటలకు కూర్చున్నా ఈ సవాల్ ఏదో ఒక రూపంలో లేస్తుంది. దూదేకుల ఇళ్లలో తెలుగే మాదరీ జబాన్. ఉర్దూ ఇళ్లలో పిల్లలు మాట్లాడతారు గానీ రాయలేరు. ఎవరిది అసలు, ఎవరిది నకిలీ అని మనం తేల్చుకునేలోపు రెండు రకాల ఇళ్లలోనూ నానీమాలు వెళ్లిపోతున్నారు. వాళ్లతో పాటే వాళ్ల లఫ్జులూ పోతున్నాయి.

ఈ ఝగడా విన్నప్పుడల్లా నాకు జరీనా హష్మీ గుర్తొస్తారు. 1937లో అలీగఢ్‌లో పుట్టారు. గణితం చదివారు. బట్వారా తర్వాత కొన్నేళ్లకు ఆమె కుటుంబం పాకిస్తాన్ వెళ్లిపోయింది. ఆమె మాత్రం దేశదేశాలు తిరిగి న్యూయార్క్‌లో స్థిరపడి, చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చు తీసే కళాకారిణి అయ్యారు. 1999లో 36 అచ్చుచిత్రాల వరుస ఒకటి చేశారు. 'ఇల్లే పరదేశం' అని అర్థం వచ్చే పేరు దానిది. ఒక్కో కాగితం మీద కొన్ని గీతలు, ఒక ఉర్దూ లఫ్జ్. ఘర్, దహ్లీజ్, దర్వాజా, ఆంగన్, సర్‌హద్, జబాన్. మనిషి బొమ్మ ఒక్కటీ లేదు. ఆమెకు ముందు లఫ్జ్, తర్వాతే తస్వీర్. 2004లో చేసిన మరో వరుసలో, పాకిస్తాన్‌లో ఉన్న అక్క రాణి ఉర్దూలో రాసిన ఖత్‌లనే అచ్చులోకి తెచ్చారు.

ఇల్లు వదిలి వెళ్లిన మనిషి ఇంటిని లఫ్జుల్లో దాచుకుంది. ఇంట్లోనే ఉన్న మనం పారేసుకుంటున్నాం.

జరీనా 1960లలో పారిస్‌లోని అతెలియే 17 అనే వర్క్‌షాప్‌లో పని నేర్చుకున్నారు. అదే వర్క్‌షాప్‌లో పేరు తెచ్చుకున్న మన తెలుగాయన కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టి, ఆయనా చివరికి న్యూయార్క్ చేరారు. రంగుకో రేకు చొప్పున అచ్చు వేసే రోజుల్లో, ఒకే రేకు మీద అన్ని రంగులూ అద్ది ఒకేసారి అచ్చు తీసే పద్ధతిని తోటివాళ్లతో కలిసి సాధించారు. రేకును వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. ఒక రంగు చిక్కగా, ఒకటి పలచగా ఉంటుంది. ఒక రోలర్ గట్టిది, ఒకటి మెత్తది. ఏ రంగు చోటు దానిదే.

మన ఇళ్లూ అలాంటి రేకులే. తెలుగు ఉన్నంత మాత్రాన ఉర్దూ చెరిగిపోదు, ఉర్దూ లేనంత మాత్రాన ఈమాన్ తగ్గదు. దీన్‌కు జబాన్ షరతు కాదు. ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని, ఉర్దూ పోతుంటే నాకూ తకలీఫే. కానీ షర్మిందా చేసి ఎవరికీ జబాన్ నేర్పలేం.

అందుకే చిన్న గుజారిష్. ఈ సెలవుల్లో పిల్లల చేతికో నోటుబుక్కు ఇచ్చి ఇంటి పెద్దవాళ్ల పక్కన కూర్చోబెట్టండి. ముప్పై ఆరు లఫ్జులు చాలు. చౌఖట్ అయినా, గడప అయినా, దూది ఏకే విల్లు అయినా సరే. ఉర్దూ వచ్చిన ఇంట్లో రెండు లిపుల్లో, రాని ఇంట్లో తెలుగులో రాయనివ్వండి. పక్కన వాళ్లకు తోచిన గీత గీయనివ్వండి.

ఆ పేజీలు ఫోటో తీసి కువైట్‌లో ఉన్న అబ్బాకు పంపండి. మనం మరచిపోయినవి ఇంకో నాలుగు ఆయనే కలుపుతారు.