ఆ సీడీ పారేయకండి

స్కానింగు సెంటర్‌లో ఇచ్చే పెద్ద కవరులో నల్లటి ఫిల్ములు, ఒక రిపోర్టు, అడిగితే ఒక సీడీ ఉంటాయి. ఫిల్మును కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తాం, అర్థం కాక లోపల పెట్టేస్తాం. సీడీ జోలికి ఎవరూ పోరు. అసలు సరుకంతా దాంట్లోనే ఉంది. వందల బొమ్మలు, ఒక్కొక్కటీ శరీరంలో ఒక పలుచని పొర. వాటిని పేర్చి త్రీడీ ప్రింటర్‌కి అందిస్తే మన ఎముకో, గుండో, లోపల పెరిగిన గడ్డో ప్లాస్టిక్ రూపంలో చేతికొస్తుంది.

అమెరికాలోని ఎంఐటీలో పరిశోధక విద్యార్థి స్టీవెన్ కీటింగ్ అదే చేశాడు. 2014లో ఎక్కడా లేని వెనిగర్ వాసన అతని ముక్కుకి తగలసాగింది. 2007లో ఓ పరిశోధన కోసం ఇచ్చిన స్కానులో, వాసనను గుర్తించే చోటికి దగ్గరగా ఏదో తేడా కనిపించిన సంగతి అతనికి గుర్తుంది. పట్టుబట్టి మళ్లీ స్కాన్ తీయించుకుంటే మెదడులో బేస్‌బాల్ అంత కణితి ఉందని తేలింది. ఆపరేషన్ అయ్యాక ఆ కణితినే ప్రింట్ చేసి, క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే బొమ్మగా ఇంట్లోవాళ్లకి ఇచ్చాడు. మన ఇళ్లలో అయితే ముందు దిష్టి తీసి, ఆ తర్వాత తిట్టేవారు.

ఎముకను ప్రింట్ చేయడం తేలిక. సీటీ కొలతలో నీరు 0, గాలి మైనస్ 1000, గట్టి ఎముక వందల్లో పైన ఉంటుంది కాబట్టి ఒక అంకె దగ్గర గీత గీస్తే చాలు. మెదడు అలా కాదు. బూడిద రంగు బూడిద రంగులో కలిసిపోతుంది. నిపుణుడు పొరపొరకీ హద్దు గీస్తూ కూర్చుంటే 30 గంటలు దాటొచ్చు. మెషీన్‌కే వదిలేస్తే కణితి ఉన్నదానికన్నా చిక్కిపోతుంది, లేదా ఉబ్బుతుంది. కీటింగ్ హార్వర్డ్‌లోని వీస్ సంస్థ పరిశోధకులతో కలిసి దీనికొక దారి కనిపెట్టాడు. పత్రికలో ఫొటో అచ్చయినట్టే, బూడిద ఛాయలన్నిటినీ నలుపు తెలుపు చుక్కలుగా మార్చి ప్రింటర్‌కిచ్చారు. 2018లో ఆ వివరాలు వెలువడ్డాయి. మరుసటేడు అతను చనిపోయాడు.

ప్లాస్టిక్ నమూనాతో చిక్కల్లా దాని నిబ్బరమే. స్కానులో అనుమానంగా ఉన్న అంచు, ప్రింటులో ఖాయమైన అంచుగా కనిపిస్తుంది. త్రీడీ స్లైసర్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, కానీ ఇంట్లో చేసుకున్న బొమ్మను చూసి జబ్బు తేల్చుకోకూడదు. రేడియాలజిస్టు మాట మాటే. అయినా డాక్టరు ముందు కూర్చుని ‘అర్థమైందండీ’ అని అబద్ధమాడే రోగి, చేతిలో నమూనా ఉంటే ‘ఇక్కడి నుంచి ఎక్కడిదాకా కోస్తారు?’ అని వేలుపెట్టి అడగగలడు. ఆ ఒక్క ప్రశ్న కోసమైనా ఈ విద్య మన ఆస్పత్రుల్లోకి విరివిగా రావాలి.

రోగి గానీ, అతని తరఫువారు గానీ కోరితే వైద్య రికార్డులు 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమావళి చెబుతోంది. ఈసారి స్కానింగుకి వెళ్తే సీడీ కూడా అడిగి తీసుకోండి. నమూనా చేయించుకోకపోయినా, రేపు మరో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు పనికొస్తుంది.