కుట్టుమిషను మీద కంప్యూటరు

2020 మార్చి 25, శార్వరి ఉగాది. దేశమంతా తలుపులు వేసుకున్న రోజు. 21 రోజులేనన్నారు. అదే నెలలో జియో వాళ్లు ఇంటి నుంచి పనిచేసేవాళ్ల కోసమని ఓ ప్యాకు తెచ్చారు. 251 రూపాయలు, రోజుకు 2 జీబీ, గడువు 51 రోజులు. సర్కారు లెక్కకీ ఫోను కంపెనీ లెక్కకీ సరిగ్గా నెల తేడా. ఎవరి లెక్క నిజానికి దగ్గరో త్వరలోనే తెలిసిపోయింది. ఆ 51 రోజులూ చాల్లేదు, లాక్‌డౌను మే 31 దాకా సాగింది.

హైదరాబాదులో హాస్టళ్లు మూసేస్తున్నారనగానే సాఫ్ట్‌వేరు పిల్లలు బ్యాగులు భుజాన వేసుకుని ఊళ్లదారి పట్టారు. మిర్యాలగూడ మీదుగా వచ్చినవాళ్లు కృష్ణ దాటీ దాటగానే పొందుగుల చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. అవతల పోలీసులిచ్చిన కాయితం ఇవతల ఒడ్డున చెల్లలేదు. వారం ముందే బయల్దేరిన ముందుచూపు గలవాళ్లు మాత్రం పిడుగురాళ్ల దాటి, సత్తెనపల్లి చేరి, అమ్మ చేతి ఉగాది పచ్చడి తిన్నారు. వాళ్ల కష్టాలు ఆ మర్నాడు మొదలయ్యాయి.

సత్తెనపల్లిలో మామూలు ఇంటికి వరండా ఉంటుంది, నడిమి గది ఉంటుంది, వంటిల్లు ఉంటుంది, మిద్దె మీదికి మెట్లుంటాయి. కూర్చుని ఉద్యోగం చేసే గది అని ఒకటి ఉండాలన్న ఆలోచన ఏ మేస్త్రీకీ రాలేదు, రావలసిన అవసరమూ లేదు. బల్ల కావాలంటే ఇంట్లో సరైన ఎత్తులో దొరికింది అమ్మ కుట్టుమిషను. దానిమీద దుప్పటి మడతపెట్టి, ల్యాప్‌టాప్ పెట్టి, ముందు ప్లాస్టిక్ కుర్చీ వేస్తే ఆఫీసు తయారు. మీటింగు సాగినకొద్దీ కాళ్లు తమంతట తామే కింద పెడల్ తొక్కేవి. క్లయింటుకి ఆ గరగర ఎక్కడిదో అంతుబట్టేది కాదు. పైన లక్షల డాలర్ల ప్రాజెక్టు, కింద జాకెట్టు కుట్టే మిషను.

వెనక గోడ మీద పురుగుమందుల కొట్టువాళ్లిచ్చిన క్యాలెండరు, తాతయ్యా నాయనమ్మల పెళ్లి ఫోటో, అటక మీద బోర్లించిన ఇత్తడి గుండిగలు. ఇవన్నీ కనపడకూడదని కంప్యూటరులో ఉండే సముద్రం బొమ్మను వెనక తగిలించుకునేవాళ్లు. మనిషి కాస్త కదిలితే చెవి అలల్లో కొట్టుకుపోయేది. ఉన్నట్టుండి ఆ సముద్రంలోంచి గాజుల చెయ్యొకటి పైకొచ్చి పెసరట్టు పళ్లెం పెట్టి మళ్లీ నీళ్లలో మునిగిపోయేది. బెంగళూరులో ఉన్న మేనేజరు పురాణాలు చదివినవాడైతే దణ్ణం పెట్టుకుని ఉంటాడు.

మార్చి, ఏప్రిల్ అంటే ఈ ప్రాంతంలో మిరపకాయ ఇంటికొచ్చే కాలం. కల్లాల మీద తేజ కాయ ఎర్రగా ఆరబోసి ఉంటుంది. గాలి తిరిగితే వీధంతా ఘాటు. ఇంట్లో సంవత్సరం కారానికి కాయలు తొడిమలు తీస్తుంటారు, ఎండుమిర్చి పోపు ఎటూ తప్పదు. మామూలు రోజుల్లో ఆ తుమ్ములకీ దగ్గులకీ లెక్క లేదు. ఆ ఏడు మాత్రం దగ్గు నేరమైపోయింది. మీటింగులో ఒక్కసారి దగ్గితే పదిమంది మొహాలు కంప్యూటరులోంచి వెనక్కి జరిగేవి, అక్కడికేదో తెర దాటి వస్తుందన్నట్టు. జ్వరముందా, వాసన తెలుస్తోందా అని ఆరాలు. వాసన తెలియడమేమిటి, తెలియబట్టే కదా దగ్గు! ఈ సంగతి ఇంగ్లీషులో పుణె వాడికి చెప్పి నమ్మించడం కోడు రాయడం కన్నా కష్టం.

నమ్మించడానికి ఏ కష్టమూ లేని మాట ఒక్కటే ఉండేది. కరెంటు పోయింది. పల్లెటూళ్లో కరెంటు ఉండదని మహానగరాల్లో గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని మన పిల్లలు చెడగొట్టలేదు. మబ్బు పట్టింది, కల్లంలో కాయ మీద పట్టాలు కప్పాలి రారా అని నాన్న కేకేస్తే కరెంటు పోయేది. ఆవకాయ ముక్కలు కొట్టడానికి కత్తి ముందు కూర్చోవలసి వస్తే కరెంటు పోయేది. పదకొండింటికల్లా కూరగాయలు కట్టేస్తారంటే పదిన్నరకి పోయేది. ఆ రెండేళ్లలో తీగల్లో పోయిన కరెంటు కన్నా మీటింగుల్లో పోయిన కరెంటే ఎక్కువ. విద్యుత్తు శాఖ పడ్డ ఈ నిందకి ఎవరైనా ఎప్పుడైనా క్షమాపణ చెప్పాలి. సిగ్నలు కోసం మిద్దెనెక్కి నీళ్ల ట్యాంకు నీడలో కూర్చున్నవాళ్ల సంగతి వేరే. రెంటచింతల ఎండలు పేపర్లో చదువుకునే ప్రాంతం ఇది. మే నెల మధ్యాహ్నం మిద్దె మీద ల్యాప్‌టాప్ ముందు సొమ్మసిల్లేదో, మనిషి ముందో చెప్పడం కష్టంగా ఉండేది.

ఇక నాయనమ్మలు. టీం లీడరు ఆడపిల్లయితే, ఆవిడ గొంతు వినగానే పక్క మంచం మీదినుంచి ప్రశ్న రానే వచ్చేది: ‘ఒరే అబ్బాయ్, ఆ పిల్ల ఎవురి పిల్లరా? పెళ్లయిందా?’ మైకు మూసి ఉందో లేదో చూసుకునేలోపల రెండో ప్రశ్న: ‘మనోళ్లేనా?’ టీంలో తెలుగు వచ్చినవాళ్లు అంతమంది ఉన్నారని ఆ రోజు, ఆ నవ్వుల వల్లే బయటపడింది.

నవ్వులపాలైంది మన ఊళ్లొక్కటే కాదనుకోండి. లాక్‌డౌన్‌కి మూడేళ్ల ముందే, 2017 మార్చిలో, కొరియాలో బూసాన్ నుంచి బీబీసీకి గంభీరంగా ఇంటర్వ్యూ ఇస్తున్న రాబర్ట్ కెల్లీ అనే ఆచార్యుడి గదిలోకి ఆయన చిన్నపిల్ల చేతులూపుకుంటూ నడిచొచ్చింది. వెనకే నడకబండిలో ఇంకో చంటివాడు, ఆ వెనక పరుగున వచ్చిన తల్లి. ప్రపంచం పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ కోర్టులో ఓ లాయరు మొహం పిల్లిపిల్లగా కనపడి, నేను పిల్లిని కానని జడ్జికి విన్నవించుకోవలసి వచ్చింది. రాజస్థాన్ హైకోర్టులో 2020 ఏప్రిల్‌లో ఓ వకీలు బనీనుతో విచారణకు హాజరైతే జడ్జిగారు కేసు వాయిదా వేశారు. మన పిల్లలు అంత అమాయకులు కారు. నడుం దాకా ఇస్త్రీ చొక్కా, ఆ కింద లుంగీ. కెమెరా ఎక్కడిదాకా చూస్తుందో కొలుచుకుని మరీ బట్ట కట్టారు. ఇదే ఊరు నాలుగుసార్లు అసెంబ్లీకి పంపిన వావిలాల గోపాలకృష్ణయ్య గారికి ఈ తిప్పలుండేవి కావు. ఖద్దరు కట్టిన మనిషికి పైన ఒకటి, కింద ఒకటి ఉండదు.

అయితే ఈ తమాషాల అడుగున జరిగిన సంగతి మరొకటుంది. దాన్ని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు. ఈ మెట్ట, మాగాణి ఊళ్లలో పనంటే కంటికి కనపడాలి. ఎన్ని సాళ్లు కోశారు, ఎన్ని టిక్కీలు తొక్కారు, ఎన్ని కిలోల పత్తి తీశారు, అదీ లెక్క. కొడుకు సాఫ్ట్‌వేరు అని తండ్రి పదిమందిలో చెప్పుకున్నాడే గాని, వాడు చేసే పనేమిటో ఆయన చూడలేదు. జీతం తెలుసు, పని తెలియదు. మొదటి రెండు వారాలు చూసి ఆయనకొచ్చిన సందేహం న్యాయమైనదే: ‘పొద్దస్తమానం కూసునే ఉన్నావు గదరా, ఇంక అలుపేంది?’

తర్వాత ఓ రాత్రి తొమ్మిదింటికి, ఇయర్‌ఫోను చెడిపోయి స్పీకరులో పెట్టినప్పుడు, మేనేజరు కొడుకుని తిడుతుంటే ఆయన విన్నాడు. భాష అర్థం కాలేదు. స్వరం అర్థమైంది. గుంటూరు యార్డులో తను తెచ్చిన బస్తాలోంచి నాలుగు కాయలు తీసి, విరిచి, వాసన చూసి, తేమ ఉందనీ రంగు తగ్గిందనీ వంకలు పెట్టి, మంచి కాయని తాలు కింద తోసి, క్వింటాలుకు ఇంత కోసే మనిషి స్వరం అది. ముప్ఫయ్యేళ్లుగా ఆయన తల వంచుకుని విన్న స్వరం. ఏడాది చివర ఇచ్చే రేటింగు అంటే ఏమిటో, చేసిన పనికి మార్కులు ఎందుకు తగ్గుతాయో ఆయనకి ఇక విడమరిచి చెప్పే పని లేకపోయింది. ‘మన కాయకీ ఇట్టాగే పేర్లు పెడతార్లే’ అని, పడుకోబోయాడు. ఇలాటి రాత్రి ఇలాగే కాకపోయినా ఏదో రకంగా చాలా ఇళ్లలో వచ్చింది. నెలకింత ప్యాకేజీ అని పెళ్లిచూపుల్లో గొప్పగా చెప్పే అంకె వెనక ఏముందో కన్నవాళ్లు తెలుసుకున్నది అప్పుడే. ఉద్యోగానికి మర్యాద తగ్గింది, ఉద్యోగం చేసేవాడి మీద జాలి పెరిగింది. మా దృష్టిలో ఇది మంచి బేరమే.

నవ్వుకోవడానికి హద్దుందని కూడా చెప్పాలి. కుట్టుమిషను ముందు కూర్చోగలిగినవాడు అదృష్టవంతుడు. మిరపకాయ ఇంటి నుంచి కోయడం కుదరదు, బస్తా ఇంటి నుంచి మోయడం కుదరదు. గుంటూరు యార్డు వారాల తరబడి మూతపడితే కల్లాల్లో కాయ, కూలీల ఇళ్లలో పొయ్యి రెండూ అలాగే ఉండిపోయాయి. ఈ సత్తెనపల్లిలోనే 2020 ఏప్రిల్ 20న మందుల కోసం బయటికొచ్చిన ఓ యువకుడు చెక్‌పోస్టు దగ్గర పోలీసులు ఆపిన తర్వాత ప్రాణం పోగొట్టుకున్నాడు. కొట్టారని ఇంటివాళ్లన్నారు, ఎస్సైని సస్పెండ్ చేశారు. ఆ ఏప్రిల్ అందరికీ ఒకేలా గడవలేదు.

ఆఫీసులు చెప్పిన మాటల మీదే నిలబడ్డాయా అంటే అదీ లేదు. 2025 నాటికి నాలుగోవంతు మంది ఆఫీసుకొస్తే చాలని 2020లో టీసీఎస్ ప్రకటించింది. 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ రమ్మంది. బ్యాగులు మళ్లీ హైదరాబాదు, బెంగళూరు బస్సులెక్కాయి. కుట్టుమిషను అమ్మకి తిరిగొచ్చింది.

ఇప్పుడు ప్రభుత్వం ఇదే మాటని కొత్తగా ఎత్తుకుంది. ఇంటి నుంచి పనిచేసే అవకాశాలు, ముఖ్యంగా ఆడవాళ్లకు, పెద్దఎత్తున తెస్తామని 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రకటించారు. ఊరూరా, మండలమండలానా ఐటీ పనికి చోటు కల్పించేవాళ్లకు ప్రోత్సాహకాలిస్తామన్నారు. ఆలోచన మంచిది. కాకపోతే లాక్‌డౌను అనుభవం ఒకటి గుర్తుంచుకోవాలి. కొడుకు లాగిన్ అయితే సముద్రంలోంచి పెసరట్టు వస్తుంది. కోడలు లాగిన్ అయితే రాదు, ఆ గాజుల చెయ్యి ఆవిడదే కాబట్టి. మీటింగు మధ్యలో లేచి కుక్కరు దించి రావలసిందీ, చంటిపిల్లకి అన్నం పెట్టవలసిందీ, అత్తగారి మందుల వేళ చూడవలసిందీ ఆవిడే. ఆడవాళ్లకు ఇంటి నుంచి పని అంటే ఇంటి పనికి తోడు ఇంకో పని అని అర్థం కాకూడదనుకుంటే, ఆ పని ఇంట్లో కాదు, ఇంటికి నాలుగడుగుల దూరంలో ఉండాలి.

సత్తెనపల్లి ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. 2022లో జిల్లా మారింది గాని ఇళ్ల ప్లాను మారలేదు. కాబట్టి ప్రభుత్వం చెప్పిన ఆ చోటేదో ముందు ఇలాటి ఊళ్లలోనే చూపించాలి. తాలూకా సెంటరుకి నడిచిపోయేంత దూరంలో ఓ హాలు, ఫ్యాన్లు, ఆగని నెట్టు, జనరేటరు, సరైన కుర్చీలు, పక్కనే పిల్లల్ని చూసుకునే ఆయా ఒకరు. అద్దాల మేడలు అక్కర్లేదు. గదికి తలుపు మాత్రం పెట్టించండి, ఆ తలుపుకి లోపలి గడియ మరిచిపోవద్దని మనవి.