డబ్బాలో వంద యాంప్‌లు, చెవికి కావాల్సింది ఒక్కటే

డిజిటల్ గిటార్ మోడలర్ కొనడం తేలికే. దాన్ని పలికించడానికి మీటల కంటే చెవి ముఖ్యం

2013 డిసెంబరు 8న మెటాలికా బృందం అంటార్కిటికాలో కచేరీ చేసింది. అర్జెంటీనాకు చెందిన కార్లీనీ పరిశోధన కేంద్రం దగ్గర వేసిన గుడారంలో సుమారు 120 మంది హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆ హోరు విన్నారు. అక్కడి ప్రశాంతతకు భంగం కలగకూడదు కాబట్టి పెద్ద స్పీకర్లు పెట్టలేదు. గోడలా పేర్చే గిటార్ యాంప్లిఫయర్లూ లేవు. వాటి స్థానంలో ఉన్నది యాంప్లిఫయర్ ధ్వనిని చిప్‌ల సాయంతో అనుకరించే ఓ డబ్బా, ఫ్రాక్టల్ ఆడియో వారి యాక్స్-ఎఫ్ఎక్స్. అంతకు రెండేళ్ల కిందట, 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌ను దద్దరిల్లజేసిన బృందమిది. శబ్దాన్నే నమ్ముకున్నవాళ్లే డబ్బాను నమ్మినప్పుడు, అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో పక్కింటివాళ్లు తలుపు తడతారన్న భయంతో వాయించుకునే విద్యార్థి నమ్మకపోతాడా?

అతనికి వేరే దారి కూడా లేదు. రాక్ సంగీతానికి ప్రాణం పోసిన వాల్వు యాంప్‌లు మన ఇళ్ల కోసం పుట్టినవి కావు. తాతల నాటి రేడియోలో వెలిగిన వాల్వుల లాంటివే వీటిలోనూ ఉంటాయి. వాటిని గట్టిగా శ్రమపెట్టినప్పుడే ఆ కమ్మని గరుకుదనం వస్తుంది. అంటే వాల్యూమ్ పెంచాల్సిందే. పైగా బరువు. ఫెండర్ ట్విన్ రివర్బ్ వాల్వు యాంప్ దాదాపు 29 కిలోలు తూగుతుంది. అదే సంస్థ 2019లో తెచ్చిన టోన్ మాస్టర్ అనే డిజిటల్ ప్రతిరూపం సుమారు 15 కిలోలే. ఆటోలో కాలేజీ ఫెస్టుకు వెళ్లే కుర్రాడికి ఈ తేడా ఎంతో ఎవరూ చెప్పనక్కర్లేదు.

నకలు అనగానే చిన్నచూపు చూసేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో తయారైన తొలి మార్షల్ యాంప్ కూడా అమెరికాకు చెందిన ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ను చూసి చేసిందే. విడిభాగాలు మారాయి, స్పీకర్లు మారాయి, నకలు కాస్తా కొత్త నాదమైంది. డిజిటల్ చరిత్ర అంత పాతది కాదు. 1989లో న్యూయార్క్‌కు చెందిన టెక్ 21 సంస్థ శాన్స్‌యాంప్ పేరుతో యాంప్ అవసరం లేని పెడల్ తెచ్చింది, అయితే అది అనలాగ్ పరికరం. 1998లో లైన్ 6 సంస్థ ఎర్ర రాజ్మా గింజ ఆకారంలో పాడ్‌ను విడుదల చేయడంతో మోడలర్ ఇళ్లలోకి వచ్చింది. 2006లో యాక్స్-ఎఫ్ఎక్స్, 2011లో జర్మనీ నుంచి కెంపర్ ప్రొఫైలర్, 2015లో లైన్ 6 హీలిక్స్, 2021లో ఫిన్లాండ్‌కు చెందిన న్యూరల్ డీఎస్‌పీ వారి క్వాడ్ కార్టెక్స్ ఒకదాని తర్వాత ఒకటి కొనుగోలుదారుల చేతికొచ్చాయి. ఒక్కో డబ్బాతో అసలుకూ నకలుకూ మధ్య దూరం తగ్గుతూ వచ్చింది.

ఇవన్నీ ఒకే పని చేస్తున్నట్టు కనిపించినా దారులు రెండు. మొదటిది, యాంప్ సర్క్యూట్‌లోని భాగాల ప్రవర్తనను లెక్కలుగా రాసి నడిపించడం. ఇందులో బాస్ మీట తిప్పితే అసలు యాంప్‌లో మీట తిప్పినట్టే మార్పు వస్తుంది. రెండోది ఫొటో తీయడం లాంటిది. నిజమైన యాంప్‌లోకి పరీక్ష సంకేతాలు పంపి, లోపలికి పోయినదానికీ బయటికి వచ్చినదానికీ ఉన్న తేడాను యంత్రం నేర్చుకుంటుంది. కెంపర్ దీన్ని ప్రొఫైల్ అంటుంది, మరికొందరు క్యాప్చర్ అంటారు. ఈ ఫొటో ఆ యాంప్‌ను ఒకే ఒక్క అమరికలో పట్టుకుంటుంది. ఆ అమరిక నచ్చితే అంతకు మించిన వాస్తవికత దొరకదు. నచ్చకపోతే మీటలు తిప్పినా, నవ్వని మనిషి ఫొటోను నవ్వించబోయినట్టే ఉంటుంది. అన్వేషణ ఇష్టమున్నవారికి మొదటి పద్ధతి, ఒకటి రెండు నాదాలు చాలనుకునేవారికి రెండోది సరిపోతుంది. చాలా కొత్త పరికరాల్లో రెండూ ఉంటున్నాయి.

ధరల దగ్గరికొస్తే భారతీయ మార్కెట్లో చిన్న మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ సుమారు 10 వేల రూపాయలకు దొరుకుతుంది. పెద్ద ఫ్లోర్ మోడలర్లు లక్ష దాటి 2 లక్షల వైపు నడుస్తాయి. పేరున్నవన్నీ దాదాపు విదేశీ సంస్థలవే కాబట్టి సుంకం, జీఎస్టీ, రూపాయి విలువ అన్నీ కలిసి ధరలో కూర్చుంటాయి. అందుకే అమెరికాలోని అన్నయ్యనో బాబాయినో సూట్‌కేసులో తెమ్మనడం తెలుగు ఇళ్లలో పాత అలవాటు. ఆ ఫోన్ చేసే ముందు చూడాల్సింది అడాప్టర్. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. అడాప్టర్ మీద 100-240 అని ఉంటే ప్లగ్ మారిస్తే చాలు. 120 అని మాత్రమే ఉంటే ఇక్కడి గోడలో గుచ్చిన మరుక్షణం అది పొగ అవుతుంది. ఆ స్థానంలో వేరే అడాప్టర్ కొంటే వోల్టులు, కరెంటు సామర్థ్యంతోపాటు పిన్ మధ్యలో ఉన్నది ప్లస్సో మైనస్సో కూడా సరిపోవాలి. అక్కడ కొన్న వస్తువుకు ఇక్కడ వారంటీ వర్తిస్తుందా అన్నదీ ముందే అడగాలి.

ఇంట్లో మంచి ల్యాప్‌టాప్ ఉన్నవారికి అంత ఖర్చు కూడా అక్కర్లేదు. గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ 10 వేల రూపాయలకు అటూ ఇటూగా వస్తుంది. న్యూరల్ యాంప్ మోడలర్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, దానికి వేల సంఖ్యలో క్యాప్చర్లు కూడా ఉచితంగానే దొరుకుతాయి. ఇక్కడ చిక్కంతా ఆలస్యం, అంటే లేటెన్సీతోనే. తీగ మీటిన క్షణానికీ చెవికి వినిపించే క్షణానికీ మధ్య ఎడం పెరిగితే వేళ్లు తడబడతాయి. సెకనుకు 48 వేల శాంపిళ్ల వేగంలో 128 శాంపిళ్ల బఫర్ అంటే సుమారు 2.7 మిల్లీసెకన్లు. రాకపోకలు కలిపితే అంతకు రెట్టింపు, ఆపైన మరికొంత. గాలిలో ధ్వని మీటరు దూరం పోవడానికే దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. కాబట్టి యాంప్‌కు మూడు మీటర్ల దూరంలో నిలబడి వాయించేవారు 9 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని రోజూ భరిస్తున్నట్టే. ఆ లోపల ఉంటే బెంగ అక్కర్లేదు.

అసలు ప్రశ్న ఎన్ని యాంప్ మోడళ్లు ఉన్నాయన్నది కాదు, ధ్వని ఎందులోంచి బయటికొస్తుందన్నది. గిటార్ స్పీకర్ మామూలు స్పీకర్ లాంటిది కాదు. 5 వేల హెర్ట్జ్ దాటాక అది దాదాపుగా మూగబోతుంది. ఆ లోపమే దాని అందం. యాంప్ సంకేతాన్ని అలాంటి స్పీకర్ లేకుండా నేరుగా హెడ్‌ఫోన్‌లోకి పంపితే కందిరీగల తుట్టె కదిపినట్టు ఉంటుంది. అందుకే మోడలర్‌లో స్పీకర్ పెట్టెను, దాని ముందున్న మైకును అనుకరించే క్యాబ్ విభాగం ఉంటుంది. హెడ్‌ఫోన్, స్టూడియో మానిటర్, సభల్లోని పీఏ వ్యవస్థ, వీటిలో దేనికి కలిపినా క్యాబ్ ఉండాలి. మామూలు గిటార్ యాంప్‌కు కలిపితే దాన్ని తీసేయాలి. ఉన్న స్పీకర్ మీద ఇంకో స్పీకర్ కప్పితే మిగిలేది దుప్పటి కింది గొంతు. యాంప్ వెనక ఎఫెక్ట్స్ రిటర్న్ అనే రంధ్రం ఉంటే అందులో కలపడం ఇంకా మంచిది. 'కొత్త పెడల్ బాగా లేదు' అంటూ దుకాణానికి తిరిగొచ్చే ఫిర్యాదుల్లో ఈ ఒక్క స్విచ్‌తో తీరిపోయేవి తక్కువేమీ కాదు.

ఇక అమరిక. డబ్బాలో ముందే నింపి పంపే ప్రీసెట్లు దుకాణంలో కొనుగోలుదారును బుట్టలో వేయడానికి చేసినవి. వాటిలో ఎకో, రివర్బ్, డిస్టార్షన్ అన్నీ దండిగా ఉంటాయి. ఒక్కడే వాయించుకుంటే ఆకాశమంత, బ్యాండ్‌లో కలిస్తే బురదంత. ఖాళీ ప్రీసెట్‌తో మొదలుపెట్టడమే మేలైన దారి. ఒక యాంప్, ఒక క్యాబ్, అన్ని మీటలూ సగంలో, ఎఫెక్ట్‌లన్నీ ఆపేసి. బాస్, ట్రెబుల్ తిప్పేముందు క్యాబ్ విభాగంలో మైకును జరిపి చూడాలి. స్పీకర్ కోన్ మధ్యకు దగ్గరగా ఉంటే ధ్వని పదునుగా, అంచుకు జరిగేకొద్దీ మెత్తగా మారుతుంది. స్టూడియోల్లో 1965 నుంచి ఉన్న షూర్ ఎస్ఎం57 మైకును అంగుళం జరపడానికి ఇంజినీర్లు అంతసేపు తంటాలు పడేది ఇందుకే. ఆ ఒక్క కదలిక చేసే పనిని పది మీటలు చేయలేవు.

తర్వాత గెయిన్. ప్రతి కొత్త గిటారిస్టూ దీన్ని అవసరానికి మించే పెడతాడు. ఎక్కువైన డిస్టార్షన్ తప్పుల్ని కప్పిపుచ్చుతుంది, దాంతోపాటు వేలి బరువులోని తేడానూ మింగేస్తుంది. చాలనిపించిన చోటు నుంచి పావువంతు తగ్గించడం మంచి నియమం. గిటార్ అడుగు తీగ ఈ స్వరం సుమారు 82 హెర్ట్జ్. కాబట్టి 80 నుంచి 100 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని కోసేస్తే బాస్ గిటార్‌కు, డ్రమ్స్‌కు చోటు దొరుకుతుంది. పైన 6 నుంచి 8 వేల హెర్ట్జ్ దగ్గర కోస్తే చెవిలో గుచ్చే ఇసుక పోతుంది. మధ్య స్థాయిలను మాత్రం ముట్టుకోకూడదు. బాస్, ట్రెబుల్ పెంచి మిడ్ తగ్గించిన నాదం గదిలో సినిమా థియేటర్‌లా ఉంటుంది, వేదిక మీద గిటార్ మాయమైపోతుంది. గిటార్ మాట్లాడేది మధ్యలోనే.

అన్నిటికంటే పెద్ద మోసం వాల్యూమ్ చేసేది. 1933లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్‌లు చూపించినట్టు, ధ్వని చిన్నగా ఉన్నప్పుడు మన చెవి అడుగు స్వరాలను బాగా తక్కువగా, చివరి పై స్వరాలను కొంత తక్కువగా వింటుంది. రాత్రి పదకొండింటికి హెడ్‌ఫోన్‌లో సన్నగా పెట్టుకుని తీర్చిదిద్దిన నాదంలో సహజంగానే ఈ రెండూ ఎక్కువ పడతాయి. అదే అమరికను ఫెస్టు వేదిక మీద పెంచితే కింద గుమగుమ, పైన కీచు. అప్పుడు సౌండ్ ఇంజినీర్‌ను తిట్టుకుని లాభం లేదు. వేదిక కోసం చేసే అమరికను ఒక్క గంటైనా రిహార్సల్ గదిలో, డ్రమ్స్ పక్కన, వేదిక స్థాయి ధ్వనిలో చేసుకోవాలి. క్లీన్ ధ్వని నుంచి డిస్టార్షన్‌కు మారినప్పుడు స్థాయి సమానంగా ఉందో లేదో చూసుకోవాల్సిందీ అప్పుడే. సోలో కోసం 3 డెసిబెళ్లు పెంచే స్విచ్ ఒకటి పెట్టుకుంటే చాలు.

మన దేశానికి ప్రత్యేకమైన శత్రువు ఒకటుంది, ఎర్తింగ్. పాత ఇళ్లలో, పందిళ్ల కింది తాత్కాలిక కనెక్షన్లలో మూడో పిన్ను పేరుకే ఉంటుంది. ఎర్త్ లేని చోట హమ్ మొదలవుతుంది, గెయిన్ పెంచేకొద్దీ అదీ పెరుగుతుంది. తీగ మీద చేయి పెట్టగానే హమ్ తగ్గి, తీయగానే పెరుగుతుంటే ముందుగా అనుమానించాల్సింది ఎర్తింగ్‌నే. నాయిస్ గేట్ దాన్ని కప్పగలదు కానీ సాగదీసిన స్వరం తోకనూ కత్తిరిస్తుంది. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, తర్వాత గేట్ వాడాలి. ఇది ధ్వని కోసమే కాదు. ఒక చేత్తో గిటార్ తీగలు, పెదవుల దగ్గర మైకు ఉన్న మనిషికి ఎర్తింగ్ లోపం ప్రాణం మీదికి తెచ్చే వ్యవహారం.

ఇన్ని సదుపాయాల మధ్య పోయేది ఏమైనా ఉందా? ఉంది, వాయించే సమయం. ఒకప్పుడు ఒక యాంప్, నాలుగు మీటలు, వాటిలో దొరికిన నాదంతోనే సర్దుకుని మిగిలిన సమయమంతా సాధన చేసేవారు. ఇప్పుడు వంద యాంప్‌లు, వందల క్యాబ్‌లు. సాయంత్రం మెనూల్లో మొదలై మెనూల్లోనే ముగిసిపోతుంది. డబ్బు లెక్కకూడా ఇక్కడే తేలాలి. బాగా చూసుకున్న వాల్వు యాంప్ యాభై ఏళ్లకూ విలువ నిలుపుకుంటుంది. డిజిటల్ పరికరం కొత్త మోడల్ రాగానే సగం పాతబడుతుంది. ఆరు నెలల ట్యూషన్ డబ్బు దాచి కొనే విద్యార్థికి అన్నిటికంటే ఖరీదైనది అవసరం కాదు. ఇవాళ్టి చవక పెడల్ పాతికేళ్ల కిందటి ఖరీదైన డబ్బా కంటే మెరుగు. మిగిలిన డబ్బు మంచి హెడ్‌ఫోన్లకో, గిటార్ సెటప్‌కో, గురువుకో పోతే దక్కే ఫలితం ఎక్కువ.

పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969-2014) అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌తో కర్ణాటక సంగీత వేదికను గెలిచారు. ఆ వాద్యానికీ కరెంటు, తీగ, స్పీకర్ కావాల్సిందే. కానీ శ్రోతలకు గుర్తున్నది ఆ స్పీకర్ కాదు, గమకం. మోడలర్ ఎంత తెలివైనదైనా అది నేర్చుకోగలిగింది యాంప్ గుణాన్నే, తీగ మీది వేలిని కాదు. ఒక యాంప్, ఒక క్యాబ్ ఎంచుకుని నెల రోజులు ఆ స్క్రీన్ వైపు చూడకుండా వాయించేవాడికే, తనకు ఇంకో డబ్బా కావాలో అక్కర్లేదో తెలుస్తుంది.