రోములో వ్రాసిన నియమము, రేవులో పడిన భారము

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1995 అక్టోబరు 31వ తేదీన రోము నగరమునందలి తన మహాసభలో ఆమోదించిన బాధ్యతాయుత మత్స్య పరిశ్రమ ప్రవర్తనా నియమావళికి ముప్పది సంవత్సరములు నిండినవి. పండ్రెండు అధికరణముల ఆ పత్రము నిండ సర్కారు భాషకు సహజమైన పొడిదన మున్నను, దానిలోని భావము ఉదాత్తమైనది. చేపలు పట్టు హక్కు గలవానికి ఆ జాతి నశింపకుండ చూచు బాధ్యతయు కలదనియు, శాస్త్రజ్ఞానము అసంపూర్ణముగా నున్నదను నెపమున రక్షణచర్యలను వాయిదా వేయరాదనియు, చిన్నపడవల వారి జీవనమునకును, వారు తరతరములుగా వేటాడు తీరజలములకును తగిన రక్షణ కల్పింపవలెననియు అది బోధించుచున్నది. ఇన్ని మంచిమాటలు చెప్పిన ఆ నియమావళి తన మొదటి అధికరణముననే తాను స్వచ్ఛందమని చెప్పుకొన్నది. స్వచ్ఛందమైన నియమము బలవంతుని కార్యాలయమున సలహాగా నిలిచిపోయి, బలహీనుని రేవునకు వచ్చుసరికి మాత్రము శాసనరూపము దాల్చుచున్నదనుటయే నేనిచ్చట చెప్పదలచిన మాట.

అన్నమునకు అంతర్జాతీయమైన వ్యవస్థ యొకటి ఉండవలెనను ఊహను ఆచరణకు తెచ్చినవాడు రాజు కాడు, పండితుడు కాడు. పోలండునుండి బాల్యముననే అమెరికాకు వలసపోయి, కాలిఫోర్నియాలో వ్యాపారము చేసి, పిదప పండ్లతోటలు వేసి, తన పంటకు ధర నిర్ణయించునది తాను కాదని తెలిసికొన్న డేవిడ్ లూబిన్ అను వర్తకుడు, దేశదేశముల పాలకులకు మొర పెట్టుకొని, తుదకు ఇటలీరాజు మూడవ విక్టర్ ఇమ్మాన్యుయేలును ఒప్పించి, 1905లో రోమునందు అంతర్జాతీయ వ్యవసాయ సంస్థ నెలకొనునట్లు చేసెను. దానికి వారసురాలుగా 1945 అక్టోబరు 16న కెనడాలోని క్విబెక్ నగరమున పుట్టినది నేటి ఆహార వ్యవసాయ సంస్థ. 1956 మొదలు 1967 వరకు దానికి డైరెక్టర్ జనరల్‌గా నుండినవాడు మన దేశస్థుడు బినయ్ రంజన్ సేన్. బెంగాలు క్షామకాలమున సహాయాధికారిగా పనిచేసి, ఆకలి యెట్టిదో కన్నులార చూచిన ఆయన 1960లో ఆరంభించిన ఆకలినుండి విముక్తి ఉద్యమము ఆ సంస్థకు అంకెల పుస్తకములతోపాటు కొంత అంతఃకరణమును కూడ చేకూర్చినదని నా నమ్మిక.

అయితే ధాన్యమునకు కుదిరిన నీతి మత్స్యమునకు కుదురుట సులభము కాదు. పొలమునకు గట్టుండును, గట్టుదాటి వచ్చినవాని నిలదీయుటకు కరణముగారి దస్త్రములుండెడివి. చేపకు సరిహద్దు తెలియదు. గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినంతనే ఎదురీది వచ్చు పులసను మనవారు తమ సొంతముగా భావించి, పుస్తెలమ్మియైనను తినవలెనని పొంగిపోవుదురు గాని, అదే జాతి చేప పద్మానదిలోను ఐరావతీముఖమునను విహరించుచు, ఆయా దేశములవారి సొంతముగా పిలువబడుచున్నది. గ్రుడ్లు పెట్టు సమయమున బంగ్లాదేశము అక్టోబరులో ఇరువదిరెండు దినములు ఆ చేపవేటను నిషేధించుచున్నది. ఒక్క బంగాళాఖాతము చుట్టును ఇన్ని దేశములున్నపుడు, ఒకరి నిగ్రహఫలమును మరియొకరు వలవేసి తీసికొనిపోకుండుటకు పొరుగువారి మధ్య ఒప్పందము తప్ప వేరు మార్గమేది?

ఈ ఒప్పందము లేనిచో ఏమగునో 1992లో న్యూఫౌండ్‌లాండ్ తీరమున లోకము చూచినది. దాదాపు ఐదువందల ఏండ్లు ఐరోపాకు ఆహారమిచ్చిన గ్రాండ్ బ్యాంక్స్ జలములలో కాడ్ చేప అక్షయమని అందరును విశ్వసించిరి. యుద్ధానంతరము మహాకాయములైన ట్రాలర్లు వచ్చి, పట్టినదానిని పట్టినచోటనే కోసి గడ్డకట్టించు యంత్రములతో రాత్రింబవళ్లు ఈడ్చినవి. మొదట అన్యదేశముల నావలు, 1977లో కెనడా తన హద్దును 200 నాటికల్ మైళ్లకు పొడిగించిన పిదప స్వదేశపు నావలు ఆ పనియే చేసినవి. శాస్త్రజ్ఞుల లెక్కలు వాస్తవముకంటె ఆశాజనకముగా నుండెను. తీరమున చిన్నవలల వారు చేప తగ్గుచున్నదని మొరపెట్టుకొన్నను ఆలకించినవారు లేరు. 1992 జూలై 2న కెనడా ప్రభుత్వము కాడ్ వేటను నిలిపివేయగా సుమారు ముప్పదివేలమందికి ఒక్కమారుగా పని పోయినది. రెండేండ్లన్న నిషేధము 2024 వరకును సాగినది. ఈ అనుభవముతో కాలినచేయి గల కెనడా 1995 మార్చిలో, తన హద్దుకు వెలుపల వేటాడుచున్న ఎస్తాయ్ అను స్పెయిన్ ట్రాలరును తరిమి పట్టుకొని, దాని సన్నకన్ను వలను న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి భవనమునకు ఎదురుగా నదిలో ప్రదర్శించెను. అంతర్జాతీయ న్యాయము దృష్ట్యా ఆ చర్య వివాదాస్పదమే గాని, అటుపిమ్మట కొలది మాసములకే రోములో ప్రవర్తనా నియమావళి ఆమోదము పొందినది. నియమావళికి సన్నాహము 1992 నుండియే జరుగుచుండినను, ఆ వలను చూచినవారికి దాని అవసరమును వేరుగా విప్పి చెప్పవలసిన పనిలేకపోయినది.

మరి ముప్పదియేండ్ల ఫలితమేమి? అపాయకర స్థాయికి చేరని చేపరాశులు 1974లో నూటికి తొంబదివరకు నుండగా, నేడు మూడింట రెండువంతులకు లోబడినవని ఆ సంస్థయే ప్రకటించుచున్నది. నియమావళి లేకున్న స్థితి మరింత విషమించియుండెడిదని సమర్థించువారి మాటను నేను త్రోసిపుచ్చను. 2009లో కుదిరి 2016లో అమలునకు వచ్చిన రేవురాజ్యముల ఒడంబడిక, దొంగవేట చేసిన నావకు రేవులో చోటీయరాదని నిర్బంధించుచు, ఆ నియమావళినుండియే కొమ్మవలె మొలచినది. కాని నియమావళియందు వ్రాసిన దానిలో ఏది మొదట నిర్బంధముగా మారినది, ఎవరి పాలిట మారినది అని చూచినపుడు మనసు కలతపడును.

ఒలీవ్ రిడ్లీ తాబేళ్ల కథ చాలును. రొయ్యల ట్రాలు వలలో చిక్కి ఊపిరాడక అవి చచ్చుట నిజము. మన తీరమున చలికాలమంతయు వాటి కళేబరములు కొట్టుకొని వచ్చుటయు నిజము. వలలో లోహపుచట్రము నొకదాని నమర్చినచో రొయ్యలు కడ్డీల సందునుండి వెనుకకు పోవును, తాబేలు చట్రమును తగిలి పైదారిన వెలుపలికి పోవును. ఈ సాధనము లేని దేశముల రొయ్యలను కొనము అని అమెరికా శాసించినది. భారతదేశము, మలేషియా, పాకిస్తాను, థాయిలాండు కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో వ్యాజ్యము వేయగా, 1998లో అప్పీలు పీఠము తాబేళ్ల రక్షణ సదుద్దేశమేయని ఒప్పుకొని, అమలులో వివక్ష కలదని తీర్పు చెప్పెను. కరేబియను ప్రాంతపు దేశములకు మూడేండ్ల గడువిచ్చి, ఆసియావారికి నాలుగు మాసములే ఇచ్చుట ఆ వివక్షలో ముఖ్యమైన భాగము. 2019 మొదలు మన సముద్రపు రొయ్యకు అమెరికా తలుపు మూసినది. ఇందులో రెండు పక్షములకును దోషము కలదు. తాబేళ్ల రక్షణను వాషింగ్టన్ తన వాణిజ్యాయుధముగా తిప్పుకొనుట అన్యాయము; కాని ఇరువదియేండ్ల వ్యవధి దొరికినను, ఆ చట్రమును మరపడవలవారికి ఉచితముగ నిచ్చి, పట్టుబడి తగ్గిన కొలది నష్టము పూరించి, అలవాటు చేయలేకపోయిన మన ప్రభుత్వముల అలసత్వమును ఏ అప్పీలు పీఠము క్షమింపగలదు?

ఇంట మనము విధించుకొన్న నియమముల తీరును అట్లే యున్నది. ప్రతి యేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు తూర్పుతీరమున అరువదియొక్క దినములు మరపడవల వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున సముద్రమునకు విశ్రాంతి యిచ్చుట ఆక్షేపణీయము కాదు. మత్స్యకారులలో పెద్దలు దీనిని అంగీకరింతురు. ఆ రెండు మాసములకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమిచ్చు భృతి 2025లో 20,000 రూపాయలైనది. ఇది మేలే. కాని ఆ బోటులోనే కళాసీగా పోవుచు పేరు నమోదుకాని వానికిని, గంప నెత్తిన పెట్టుకొని ఊరూర చేపలమ్ము ఆడుదానికిని నిషేధకాలమున చేపయు లేదు, భృతియు లేదు. తీరమునుండి 8 కిలోమీటర్లవరకు జలములను సంప్రదాయపు నావలకే ప్రత్యేకించుచు 1994నాటి రాష్ట్రచట్టము నియమముల నేర్పరచినది. ఆ గీతను రాత్రివేళ ట్రాలర్లు దాటుట విశాఖమొదలు నిజాంపట్నము వరకు రేవులలో నడుచు నిత్యపు తగవు. 2022 ఆరంభమున విశాఖ జాలరిపేటలలో రింగువలల విషయమై పడవలు తగులబడినంత కలహము జరిగినది. అది కేవలము రెండు పేటల పంతమని చెప్పుకొని మరచితిమి. తరుగుచున్న చేపను ఎవరు పట్టవలెనను ప్రశ్న అక్కడ రగిలినది. నియమావళిలో ఆ ప్రశ్నకు సమాధానము కలదు, దానిని రేవునకు తెచ్చువాడు లేడు.

ఇక సబ్సిడీల సంగతి. జెనీవాలో 2022 జూన్ 17న ప్రపంచ వాణిజ్య సంస్థ ఆమోదించిన మత్స్య సబ్సిడీల ఒప్పందము మూడు పనులకు ప్రభుత్వధనము వెచ్చింపరాదన్నది: అక్రమవేటకు, క్షీణించిన చేపరాశుల వేటకు, ఏ వ్యవస్థయు పాలింపని బహిరంగ సముద్రమున వేటకు. 111 దేశములు ఆమోదింపగా 2025 సెప్టెంబరు 15న అది అమలులోనికి వచ్చినది. ఆ పట్టికలో చైనా, అమెరికా, ఐరోపా సమాఖ్య కలవు, భారతదేశము లేదు. దూరసముద్రములకు బోవు నావలకు డీజిలు రాయితీలిచ్చి సముద్రమును ఊడ్పించిన సంపన్నదేశములు, ఏడాదికి కుటుంబమునకు పదునైదు డాలర్లైన ఈయని మమ్ము సమానముగా కట్టివేయుట ఏ న్యాయమని మన వాణిజ్యమంత్రి జెనీవాలో అడిగెను. ప్రశ్న ధర్మబద్ధమైనదే. అధికవేటకు దోహదమగు సబ్సిడీలను గూర్చిన రెండవ భాగముపై, వర్ధమాన దేశములకు ఇరువదియైదేండ్ల గడువు కోరుటయు అర్థము చేసికొనదగినదే. అయినను మొదటి భాగమున నిషేధింపబడిన మూడింటిలో మన తెప్పవానికి ఏది నష్టము? అక్రమవేటకు ధనమీయకుండుటవలన బంగారమ్మపేట జాలరి పస్తులుండునా? వాని పేరు చెప్పి ఆగుట, వాని మేలు చేయుట యొక్కటి కావు. దూరపునావల దేశములను నిలువరింపవలెనన్నచో ఆ సభలో సభ్యుడై యుండి మాటలాడవలెను. నాలుగేండ్లలో రెండవ భాగము కుదరనిచో, సభ్యదేశములు మరొకరీతి నిర్ణయించిననే తప్ప, ఈ ఒప్పందమే రద్దగునని దానిలోనే వ్రాయబడియున్నది. వెలుపల కూర్చున్నవారికి ఆ గడియారము కనబడదు.

సముద్రమును వదలి చెరువులవైపు చూచినను చిక్కు తీరదు. ప్రపంచమున పెంచిన చేపలు 2022లో పట్టిన చేపలను మించిపోయినవి; మన భీమవరము, కాకినాడ, నెల్లూరు ప్రాంతముల వనామీ చెరువులకు ఆ కథలో చెప్పుకోదగిన పాత్ర కలదు. నియమావళియొక్క తొమ్మిదవ అధికరణము చెరువుల పెంపకమునకు కేటాయింపబడినది. ఉప్పునీరు పొలమును, త్రాగునీటిని చెరచుచున్నదని గాంధేయవాది జగన్నాథన్ సుప్రీంకోర్టుకు పోగా, 1996 డిసెంబరులో వెలువడిన తీర్పు తీరప్రాంత రొయ్యల చెరువులపై కఠినాంక్షలు విధించినది. తరువాత 2005లో పార్లమెంటు చట్టముచేసి వాటిని క్రమబద్ధము చేసినది. రొయ్యమేతలో కలియు చేపపొడికై సముద్రపు చిన్నచేపలు పోవుచున్నవను మాట తక్కువమంది తలచెదరు. పేదవాని పులుసులోనికి రావలసిన కవ్వళ్లు మేతగా మారి విదేశపు విందులకు రొయ్యరూపమున పోవుచున్నవి. 2025 ఆగస్టులో అమెరికా సుంకమును 50 శాతమునకు పెంచినపుడు ఆ రొయ్యకు కొనువాడు తగ్గి, కౌలుచెరువు వేసినవాడు దిక్కుతోచక నిలిచెను. ఒక్క విపణిని నమ్ముకొని పెరిగిన పరిశ్రమకు ఇది ఊహింపరాని ఆపద కాదు.

2014లో రోములో మరియొక పత్రము వెలువడినది: చిన్నతరహా మత్స్యకారుల రక్షణకై మార్గదర్శక సూత్రములు. చెన్నైలోని మత్స్యకార్మిక సహాయ సంస్థకు కార్యదర్శియై, వాటికై సంవత్సరములు పోరాడి, అవి ఆమోదింపబడుటకు కొలదిమాసముల ముందు మలేషియా విమానముతో అదృశ్యమైన చంద్రికా శర్మ స్మృతికి ఆ సూత్రములు అంకితములు. ఒక అంతర్జాతీయ పత్రము భారతనారి పేరిట వెలువడుట సామాన్యము కాదు. ఆ సూత్రములు వేటవానితోపాటు చేపలమ్ము స్త్రీని, ఎండబెట్టు స్త్రీని మత్స్యకారిణిగా గుర్తింపుమని చెప్పుచున్నవి. ఆ పత్రమునకు తెలుగుసేత ప్రతి రేవుపంచాయతీకిని చేరవలెను.

కేంద్రప్రభుత్వము జెనీవా ఒప్పందపు మొదటి భాగమును ఇకనైన ఆమోదించి, రెండవ భాగమున చిన్నవాని పక్షమున నిలిచి వాదింపవలెనని నా విన్నపము. రాష్ట్రప్రభుత్వము 8 కిలోమీటర్ల గీతను కాపాడుటకు గస్తీపడవ నిచ్చి, వేటనిషేధపు భృతి పట్టికలో కళాసీని, చేపలమ్ము స్త్రీని చేర్చి, తాబేటిచట్రమును రాయితీపై గాక ఉచితముగ నీయవలెను. రానున్న ఏప్రిలుకు ముందే ఇవి జరుగవలెను.