చద్దియన్నమును తామసమనుట శాస్త్రమెరుగని మాట

చదువుకొను పిల్లవానికి సాత్త్వికాహారము నేడు అందని భోగమైపోయినదను మాట ఏలూరు, తాడేపల్లిగూడెము పట్టణములలో తరచుగా వినవచ్చుచున్నది. ఈ మాటకు కారకులు రెండు తెగలవారు. మొదటివారికి సాత్త్వికమనగా ఆవునేయి, బాదంపప్పు, పండ్లరసము. రెండవవారికి ఆరోగ్యమనగా ప్యాకెట్టులోని ఓట్స్, డబ్బాలోని ప్రొటీన్ పౌడరు. ఇంటినుండి వచ్చు సొమ్ములో గది అద్దె పోగా మిగిలిన కొద్దిపాటితో నెల గడుపుకొను విద్యార్థి ఈ రెంటిని చూచి, ఇవి తన కొరకు కావని నిశ్చయించుకొని, రాత్రి నూడుల్స్‌తోనో బండి మీది ఫ్రైడ్ రైస్‌తోనో కడుపు నింపుకొనుచున్నాడు. పిదప వానినే అందరును నిందించుచున్నారు.

విద్యకును అన్నమునకును గల సంబంధమును ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయము ఒక పరీక్షగా చేసి చూపినది. ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువును పదునైదు దినములు నీరు మాత్రము త్రాగి ఉండుమనెను. పిమ్మట వేదమును చెప్పుమనగా, పన్నెండేండ్లు గురుకులమున చదివి వచ్చిన ఆ కుమారునకు ఒక్క మంత్రమును స్ఫురింపలేదు. భుజించి వచ్చిన తరువాత అడిగినదంతయు చెప్పెను. మనస్సు అన్నమయమని తండ్రి బోధించినది ఇట్లు. ఇందు నేయి, బాదము ప్రసక్తియే లేదు. ఉన్నది అన్నము.

ఆ అన్నమునకు ఈ సీమలో కొరత ఉన్నదా? కృష్ణా గోదావరుల నడుమ కొల్లేటి చుట్టును కనుచూపు మేర వరిచేలే. అయినను ధాన్యము మిల్లులో తెల్లగా పాలిషు పట్టి, సారముగల తవుడును నూనె మిల్లులకును పశువులకును పంపి, మిగిలిన తెల్లని పిండిపదార్థమును మనుష్యులు తినుచున్నారు. కొల్లేటి చెరువుల చేప ఐసు పెట్టెలలో కలకత్తాకు తరలిపోవుచున్నది. (కొల్లేటి పల్లెలలో చేపలు తినుట ఆచారముగాగల ఇంటి బిడ్డను ఈ విషయమున ఆక్షేపించుట తగదు. మాంసవిక్రేతయైన ధర్మవ్యాధుని వద్ద కౌశికుడు ధర్మము నేర్చిన కథ మహాభారతముననే కలదు.)

ఇక అసలు వివాదమునకు వత్తము. పేద విద్యార్థికి ఉదయము అన్నిటికంటె చౌకగా లభించునది చద్దియన్నము. దానిని కొందరు "గీతలో పదునేడవ అధ్యాయము పర్యుషితమును తామసప్రియమన్నది గదా" అని త్రోసివేయుచున్నారు. పర్యుషితమనగా వండిన పిదప రాత్రి గడచినదని భాష్యకారుల వ్యాఖ్యానము. అంతవరకు వారి మాట నిజమే. కాని అదే శ్లోకము రసము పోయినదానిని, దుర్గంధము గలదానిని కూడ ప్రక్కనే పేర్కొన్నది. స్మృతి యేమనుచున్నది? మనువు అయిదవ అధ్యాయమున పులిసినవాటిని నిషేధించి, వెంటనే పెరుగును, పెరుగునుండి పుట్టినవాటిని ఆ నిషేధమునుండి తప్పించెను. కావున రాత్రి తోడుపెట్టిన పెరుగన్నమును ఎండిపోయి చెడిన అన్నముతో జతకట్టుట వాక్యమును సగము చదువుట. భాగవత దశమస్కంధమున యమునాతీరమున గోపబాలురతో కూర్చుండి నందనందనుడు ఆరగించినది చల్దియే. ఆ ఘట్టమును చెప్పునపుడు కన్నులు చెమర్చు శ్రోతలు, ఇంటికి వచ్చి పిల్లవాని చద్దిగిన్నెను చూచి ముఖము చిట్లించుట వింతగా నున్నది.

గోదావరి సీమలో మొన్నమొన్నటివరకు వంటయింటి మూలన తరవాణి కుండ ఉండెడిది. పిల్లలు ఉదయము ఆ అన్నము తిని బడికి పోయెడివారు. చేయుట సులభము. రాత్రి మిగిలిన అన్నమును ఆలస్యము లేక చల్లార్చి, గోరువెచ్చని పాలు పోసి ఒక చెంచా పెరుగు తోడు వేయవలెను. పాలు లేనిచో మజ్జిగ కలిపిన నీట మునుగునట్లు ఉంచవలెను. ఉత్త అన్నమును పొడిగా గిన్నెలో వదలి మరునాడు తినుట మాత్రము ప్రమాదము. వేసవిలో ప్రొద్దెక్కకముందే తినవలెను. నంజుకొనుటకు ఏలూరు నిమ్మకాయ ఊరగాయ చాలును. ఉల్లిపాయకు స్మృతినిషేధము కలదు. ఆ నియమము లేనివారికి తాడేపల్లిగూడెము ఉల్లి మార్కెట్టు దగ్గరనే ఉన్నది.

ప్రొటీన్ డబ్బా లెక్క కూడ చూడవలెను. అరువది కిలోల బరువుగల యువకునకు దినమునకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు కావలెను. 300 గ్రాముల బియ్యములో సుమారు 22, 75 గ్రాముల పెసలలో 18, గుప్పెడు వేరుసెనగపప్పులో 7 గ్రాములు ఉండును. మిగిలిన కొంచెమును పెరుగు పూరించును. పెసలను మొలకెత్తించినచో సి విటమిను పెరుగును. దానికి తోటకూరయో, అడిగినచో ఊరకనే ఇచ్చు మునగాకో తోడైనచో చాలును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనలలో కండలకొరకు ప్రొటీన్ పౌడర్లు వాడవద్దని వారించినది. అయినను కళాశాలల చుట్టును ఆ డబ్బాల ప్రకటనలే.

విద్యార్థికి లెక్క చెప్పినంత మాత్రమున గృహస్థుల ఋణము తీరదు. పూర్వము పేద విద్యార్థి వారములు చేసికొని చదివెడివాడు: ఆదివారము ఒకరి ఇంట, సోమవారము మరియొకరి ఇంట భోజనము. ఆ పద్ధతిలో కులపు గిరి ఉండెను. దానిని దాచుట అసత్యమగును. కాని బ్రహ్మచారికి అన్నము పెట్టుట తన విధియని గృహస్థుడు అంగీకరించెడివాడు. నేడు అదే గృహస్థుడు మేడమీది గదిని నలుగురికి అద్దెకిచ్చి, గోడలు మసిబారునని "వంట చేయరాదు" అను షరతు పెట్టుచున్నాడు. సాయంకాలము అరుగుమీద కూర్చుండి, ఈ కాలపు పిల్లలు బయటి తిండికి మరిగినారని వాపోవుచున్నాడు. ఆ నలుగురికి కావలసినది ఒక చిన్న కుక్కరు, ఒక కుండ, తోడుకు గరిటెడు పెరుగు. మొదటి రెండును వారే కొనుక్కొందురు. షరతు తీసివేసి, ఆ గరిటెడు పెరుగు క్రింది ఇంటినుండి పంపవచ్చును గదా.