చందాదారులా, కొలువుగాండ్రా?

రచయితలలో నిటీవల నొక క్రొత్త యాచారము ప్రబలుచున్నది. పత్రికాధిపతి ప్రమేయము లేకయే తమ వ్రాతలను న్యూస్‌లెటరు రూపమున చందాదారులకు నేరుగా పంపుకొనుట కొంతకాలముగా నున్నదే. 2017లో వెలసిన సబ్‌స్టాక్ సంస్థ దీనికి మార్గ మేర్పఱచి, 2022 నవంబరులో రచయితయు చందాదారులును ముచ్చటించుకొనుటకు ‘చాట్’ను గూడ జేర్చినది. మన యిండ్లలో నా పనిని వాట్సాప్ గ్రూపు చేయుచున్నది. ఉత్తరము పంపి యూరకుండిన రచయిత యిపుడు “రండు, అందఱము గూడి మాటలాడుకొందము” అని పిలుచుచున్నాడు. పిలుపు మంచిదే. పిలుచు విధమే మాకు నచ్చలేదు.

బందరులో కృష్ణాపత్రికా సంపాదకులగు ముట్నూరి కృష్ణారావుగారి చుట్టును ‘దర్బారు’ కూడుచుండెడిదని తెలుగువా రెఱుగుదురు. అట్టి కూటమునకు బోవువాడు తన యిష్టమున బోవును. ఎవరెవరు కూర్చుండిరో కన్నులార జూచును. లేవదలచినచో చెప్పులు తొడిగికొని యింటికి వచ్చును.

నేటి దర్బారున కట్టి గుమ్మము లేదు. వాట్సాప్ గ్రూపులో 1024 మంది వఱకు జేరవచ్చును. ఒకరి ఫోను నంబరు సాధారణముగా దక్కినవారి కందఱకును గనబడును. కథాశిల్పమును గూర్చిన వ్యాసము జదువుటకై చందా కట్టిన యిల్లాలు, ఒకనాటి యుదయమున వేయిమంది యపరిచితుల చేతిలో దన నంబరుండుట గనుగొనును. ఆ రాత్రియే “మీ యభిప్రాయము చాల బాగున్నదండీ, మీదే యూరు?” అని యెవడో వేఱుగా నడుగును. ఆమె బదులీయదు, మఱి గ్రూపులోను నోరెత్తదు. అంత మన రచయిత “స్త్రీలు చర్చలలో బాల్గొనరేమి?” అని వగచును! మేము బడిపంతులము, పిల్లల చిరునామాల పట్టికను వీథిగోడ కంటింపము. చందాదారుల పట్టికకు మాత్రము మర్యాద వేఱా? అనుమతి లేక యపరిచితులు గ్రూపులో జేర్పకుండ నాపుకొను నేర్పాటు 2019లోను, నిర్వాహకులకు దప్ప నితరులకు దెలియకుండ వైదొలగు వెసులుబాటు 2022లోను వచ్చిన మాట నిజమే. కాని గడియ వేసికొను భారమెల్ల చదువరిదేనా?

ఈ కూటమును బెట్టువాడు జూబ్లీహిల్సు, ఫిలింనగరు ప్రాంతముల సినిమా రచయిత యైనచో నింకొక ప్రమాదము గలదు. చేరువనే కృష్ణానగరులో నిఱుకుగదుల యందుండి, కథ చెప్పు నవకాశమునకై యెదురుచూచు యువకు లెందఱో కలరు. పేరుపొందిన రచయిత గ్రూపు వారికి చదువరుల కూటము గాదు, స్టూడియో గుమ్మమే. ఒకపూట భోజనము మానియైన చందా కట్టెదరు. “మీ మనసులోని కథను నాలుగు వాక్యములలో జెప్పుడు” అని రచయిత సరదాకు నడిగినచో, ఏండ్లుగా దాచుకొన్న కథను వేయిమంది ముందఱ బెట్టెదరు. ఆర్.జి. ఆనంద్, డీలక్స్ ఫిలింసు వ్యాజ్యములో సుప్రీంకోర్టు 1978లోనే తేల్చినది: భావమునకును, ఇతివృత్తమునకును కాపీరైటు లేదు, వానిని వ్యక్తపఱచిన రూపమునకే కలదు. పూర్తి నాటకమును వ్రాసిన ఆనంద్‌గారికే యా వ్యాజ్యము దక్కలేదు. నాలుగు వాక్యముల వానికి దిక్కెవరు? సినిమావారు కథలను రచయితల సంఘములో రిజిస్టరు చేయించుకొనుట యీ భయముచేతనే కదా! ఆ సంగతి యెఱిగినవాడు, ఎఱుగని పిల్లవానిని కథ చెప్పుమనుట వినోదమా?

ఇక నచ్చటి సంభాషణ సొంపు వినుడు. రచయిత “శుభోదయము” అనును. నూఱు దండములు, నూఱు పుష్పగుచ్ఛములు. ఎవడైన “ఈ నెల వ్యాసము పలుచగా నున్నది” అన్నచో దక్కినవారు వానిమీద బడుదురు. రచయిత చూచియు మౌనము వహించును. సాయంకాలమునకు వాని పేరక్కడ నుండదు. హీరోలకు అభిమానసంఘము లున్న యూరిలో రచయితకు మాత్రము లేకుండ నేల యనుకొనిరి కాబోలు. పూర్వము పొగడినవానికి రాజు ధనమిచ్చెడివాడు. ఇచ్చట బొగడువాడే చందా చెల్లించుచున్నాడు!

“సభ్యులు వ్రాసినదానికి నేను బాధ్యుడనా?” అని యడుగువారు గలరు. ఉమ్మడి యుద్దేశము లేనిచో సభ్యుని వ్రాతకు నిర్వాహకుడు దోషి గాడని బొంబాయి హైకోర్టు 2021లో జెప్పినది. కేరళ హైకోర్టును 2022లో నిట్లే నిర్వాహకుని పక్షమున దీర్పిచ్చినది. శిక్ష తప్పినది; సంతోషము. కాని పిలిచి తెచ్చిన యతిథిని నట్టింట నవమానించుచుండ జూచువాడు ఏ చట్టము క్రింద గృహస్థు?

కూటము పెట్టవలదని మే మనము. పెట్టుటకు ముందు, చేరుదురా యని యుత్తరములో నడుగవలెను. నంబరు దాచుకొను వీలున్న టెలిగ్రామ్ వంటి చోటు వెదకవలెను. 2023లో వచ్చిన వాట్సాప్ చానెలులో ననుసరించువారి నంబరు లితరులకు గనబడవు గాని, అది ప్రధానముగా నొకవైపు ప్రసంగమే. కథల నిచ్చట జెప్పవలదని మొదటి వాక్యమునందే వ్రాయవలెను. ప్రతికూలాభిప్రాయమును మఱుసటి న్యూస్‌లెటరులో యథాతథముగా బ్రకటింపవలెను. ఈ మాట లీయని రచయితకు మేము చందా పంపుదుము, ఉత్తరమును జదువుదుము. మా యింటి నంబరును మాత్ర మీయము.